నాగసాకి రేవులో వలందావారి దీవి



బందరు పట్టణమునకు పోయి వచ్చినవారు అచ్చటి వలందపాలెము, ఫరాసుపేట, ఇంగ్లీషుపాలెము అను పేర్లు వినియే యుందురు. వలందావారనగా హాలండు దేశీయులు, డచ్చివారు. 17వ శతాబ్ది తొలి సంవత్సరములలో గోల్కొండ సుల్తాను అనుమతితో వారు బందరునను, నిజాంపట్నమునను వర్తకశాలలు పెట్టి, మన నేతగాండ్రు నేసిన బట్టలను, అద్దకపువారు చిరివేరు రంగుతో తీర్చిన కలంకారీ గుడ్డలను ఓడల కెత్తిరి. 1613లో పులికాటున ఫిరంగులతో కోటయే కట్టుకొనిరి. ఆ కంపెనీవారే, ఆ జెండాతోనే, తూర్పు సముద్రములు దాటి జపాను దేశమునకు పోయి నాగసాకి రేవులో రెండు వందల యేండ్లకు పైగా కాపురముండిరి. అచ్చట వారికి కోట లేదు, ఫిరంగి లేదు. నాలుగెకరములకు మించని దిబ్బ మీద, కావలివాండ్ర నడుమ, ఒక చిన్న వంతెన దాటుటకు సైతము సెలవు వేడుకొనుచు బ్రదికిరి.

ఒకే వర్తక సంఘము ఒకచోట దొరతనము చేయుచు, మరియొకచోట బందీవలె ఎట్లుండెను? ఈ ప్రశ్నను వెంటబెట్టుకొని నాగసాకిలో ఒక్క దినము కాలినడకను తిరిగిన యాత్రికునకు ఆ ఊరి రాళ్లే సగము సమాధానము చెప్పును. తక్కిన సగము పుస్తకములలో నున్నది.

నాగసాకి జపాను దేశపు దీవులలో ఒకటియైన క్యూషూకు పడమటి కొసనున్న రేవు. సముద్రము రెండు కొండల వరుసల నడుమకు నాలుకవలె చొచ్చుకొని వచ్చినది. ఊరికి చదునైన నేల తక్కువ. ఇండ్లు కొండచరియల మీద మెట్లుమెట్లుగా పైకి పోయినవి. విశాఖపట్టణపు రేవును కొండపై నుండి చూచినవారికి ఆ పోలిక కొంత అందును. 1915 నుండి నడచుచున్న ట్రాముబండ్లు ఊరిని చుట్టియున్నవి గాని, పరదేశీయుల వాడలను చూడదలచినవానికి కాళ్లే మేలు. జట్టుతో పోయినవాడు జెండా పట్టిన మార్గదర్శి వెనుక పరుగెత్తవలెను. ఒంటరిగా పోయినవాడు నచ్చినచోట కూర్చుండవచ్చును. ఈ ఊరిలో అట్లు కూర్చుండదగిన రాతిమెట్లకు కొదువ లేదు.

ఉదయమున మొట్టమొదట చూడవలసినది దెజిమా. అది దీవి యని విని నీటి కొరకు వెదకిన యాత్రికుడు తికమకపడును. ఏలయన రేవును పూడ్చి నేలను పెంచిన పనులు 1904 నాటికి ముగియుటతో దాని చుట్టునున్న సముద్రము పోయి వీధులు వచ్చినవి. ఒకవైపు నకాషిమా అను చిన్న యేరు మాత్రము నేటికిని పారుచున్నది. దెజిమా సహజముగా పుట్టిన దీవి కాదు. 1634 మొదలు 1636 వరకు సముద్రములో మట్టిపోసి, రాతిగట్టు కట్టి, విసనకర్ర ఆకారమున నిర్మించిరి. ప్రభుత్వము ఆజ్ఞ యిచ్చెను. డబ్బు పెట్టినవారు నాగసాకిలోని 25 మంది ధనికులైన పురజనులు. దానిని పరదేశీయుల కద్దెకిచ్చి వారు తమ పెట్టుబడి రాబట్టుకొనిరి.

ఆ కట్టడము మొదట డచ్చివారి కొరకు కాదు, పోర్చుగీసువారి కొరకు. పోర్చుగీసువారు 1543లో జపాను చేరిరి. 1571లో నాగసాకి రేవు వారి ఓడలకు తెరచుకొనెను. వర్తకము వెనుక మతబోధకులు వచ్చిరి. వేలకొలది జనులు క్రైస్తవులైరి. ఇది క్రమముగా దేశాధికారులకు భీతి గొల్పెను. 1597లో నాగసాకి కొండ మీద 26 మంది క్రైస్తవులను శిలువ వేసిరి. 1637-38లో షిమబారా ప్రాంతమున రైతులు పన్నుల బాధకును మతబాధకును తాళలేక తిరుగబడిరి. దానిని అణచిన పిమ్మట 1639లో షోగను ప్రభుత్వము పోర్చుగీసువారిని దేశమునుండి వెడలగొట్టెను. కట్టిన మూడేండ్లకే దెజిమా పాడుపడి, అద్దె రాక యజమానులు మొరపెట్టుకొనిరి.

అప్పుడు డచ్చివారు నాగసాకికి ఉత్తరమున హిరాదో అను రేవులో నుండిరి. వారు అచ్చట గొప్ప రాతి గిడ్డంగి నొకటి కట్టి, దాని నెత్తిన క్రీస్తుశకము 1639 అని చెక్కించుకొనిరి. క్రీస్తు పేరిట లెక్కించిన ఆ సంవత్సరమే నేరమైనది! 1640లో ఆ కట్టడమును పడగొట్టుమని ఆజ్ఞ వచ్చెను. కంపెనీ అధికారి ఎదురు పలుకక తన చేతులతోనే తన గిడ్డంగిని పడగొట్టించెను. మరుసటి యేడు, 1641లో, డచ్చివారు ఖాళీగానున్న దెజిమాకు తరలింపబడిరి. పులికాటు కోట గోడల మీద ఫిరంగులు నిలిపిన కంపెనీయే హిరాదోలో తన యింటిని తానే కూల్చుకొనెను. కంపెనీ స్వభావము మారలేదు. ఎదుటనున్న ప్రభుత్వము వేరు, అంతియే. ఇచ్చట తీరమున ఒకరితో ఒకరు పోరాడు ప్రభువులు పలువురు. అచ్చట దేశమంతటికి ఆజ్ఞ యిచ్చు ప్రభుత్వ మొక్కటి.

నేడు దెజిమాకు పోవు యాత్రికుడు 2017లో తెరచిన క్రొత్త వంతెన మీదుగా ప్రవేశించును. ఏటిని వెడల్పు చేయుటకై 1888లో పాత రాతివంతెనను తీసివేసి, దీవి అంచును కొంత చెక్కివేసిరి. దాదాపు 130 యేండ్ల తరువాత మరల ఆచోటనే వంతెన వెలసినది. దీవి ప్రాచీనమైన గట్టునకు హాని కలుగకుండ, వంతెన బరువంతయు ఊరివైపుననే మోపునట్లు నిర్మించినారు. ఈ సంగతి విన్న తరువాత ఆ వంతెనను త్రొక్కి నడచు తీరే మారును.

పాత వంతెన దగ్గర ఒక ప్రకటన ఫలకముండెడిది. వేశ్యలు తప్ప తక్కిన స్త్రీలు లోపలికి రారాదు, కోయ పర్వతపు సన్యాసులు తప్ప తక్కిన సన్యాసులు రారాదు, యాచకులు రారాదు. డచ్చివారు సెలవు లేక బయటికి పోరాదు. ప్రతి యేడును బటావియా నుండి ఋతుపవనము పట్టుకొని ఓడలు వచ్చినప్పుడు ముందుగా వానిని సోదా చేసెడివారు. బైబిలును, మత గ్రంథములును ఓడలోనే మూసి ముద్ర వేయవలెను. ఓడలు శరత్కాలమున వెడలిపోయిన పిమ్మట దీవిలో మిగులువారు పదుల సంఖ్యకు మించరు. మరల ఓడ వచ్చువరకు ఆ కొద్దిమంది ఒకరి ముఖ మొకరు చూచుకొనుచు గడుపవలెను. ఆ చిన్న త్రోవలో నాలుగుమార్లు అటునిటు తిరిగిన యాత్రికునకు ఆ జీవితపు విసుగు కాళ్లకే తెలియును. వారికి లోకము కనిపించునది ఏటికొకసారి. వర్తకాధికారి షోగనుకు కానుకలతో ఎదో నగరమునకు, అనగా నేటి తోక్యోకు, పోయి దండము పెట్టి రావలెను. 1790 నుండి ఆ యాత్ర నాలుగేండ్ల కొకసారికి తగ్గినది.

ఇప్పుడు దెజిమాలో నాటి గిడ్డంగులను, నివాసములను పునర్నిర్మించియున్నారు. వర్తకాధికారి యింటి మేడ మీద యాత్రికుడు ఎక్కువసేపు నిలుచును. నేలమీద జపానువారి దళసరి చాపలు. ఆ చాపల మీద ఐరోపావారి కుర్చీలు, పెద్ద భోజనపు బల్ల. గోడలకు జపాను పూలచిత్రముల కాగితము. ఇల్లు కట్టినవాడు జపాను వడ్రంగి. అందు కూర్చున్నవాడు ఆమ్‌స్టర్‌డాము వర్తకుడు. చాపల మీద చెప్పులతో నడచిన ఆ దొరలను చూచి ఇంటి యజమాని ఎంత నొచ్చుకొని యుండునో!

గిడ్డంగులలో తెలుగువాడు ఆగి చూడవలసిన సరకు కలదు. జపానువారు మన అద్దకపు గుడ్డలను 'సరసా' అనిరి. చారల నూలుబట్టకు 'సాంతోమె' అని పేరు. అది మైలాపూరు దగ్గరి పోర్చుగీసువారి సాంథోమే పట్టణపు పేరే. కోరమాండల తీరపు గుడ్డ బటావియా మీదుగా దెజిమా చేరి, జపాను ధనికుల యిండ్లలో తేనీటి పాత్రలకు సంచియై, చిన్నచిన్న ముక్కలుగా చిత్రపటముల పుస్తకములలో అంటింపబడి, బంగారమువలె దాచబడినది. దానికి బదులుగా జపాను రాగి కంపెనీ ఓడలలో మన తీరమునకు వచ్చి టంకశాలలలో కాసులైనది. నేతగాడు నాగసాకి పేరు వినలేదు. జపాను గనిలో రాగి త్రవ్వినవాడు బందరు పేరు వినలేదు. ఐనను ఒకరి చెమట ఒకరి చేతిలో పడినది.

అయితే దెజిమా మహత్త్వము గుడ్డలలో లేదు, రాగిలో లేదు. దాని కథలో ముఖ్యమైన మనుష్యులు డచ్చివారును కారు, దుబాసీలు. మన తీరమున దుబాసీ యనిన వెంటనే దొరగారి ప్రక్కను ధనము కూడబెట్టిన మనుష్యుడు తలపునకు వచ్చును. నాగసాకి దుబాసీలు ప్రభుత్వోద్యోగులు. తండ్రి నుండి కొడుకునకు సంక్రమించిన వృత్తి వారిది. ఓడ సరకుల పట్టీ చదువుట, బేరములు చెప్పుట, వారి ఉద్యోగము. కాని పట్టీ చదువ నేర్చినవాడు పుస్తకము తెరువక ఊరకుండునా?

1630లో క్రైస్తవ మత సంబంధమైన గ్రంథములను నిషేధించిరి. 1720లో షోగను తొకుగావ యొషిమునె, మతముతో సంబంధము లేని శాస్త్ర గ్రంథముల విషయమున ఆ నిషేధమును సడలించెను. దానితో వైద్యము, ఖగోళము, వృక్షశాస్త్రము ఓడల మీద వచ్చెను. దుబాసీ మొతొకి ర్యోయెయ్ భూమియే సూర్యుని చుట్టు తిరుగుచున్నదను కొపర్నికసు సిద్ధాంతమును జపాను భాషలోనికి తెచ్చెను. మరియొక దుబాసీ షిజుకి తదావో 1801లో, పూర్వము దెజిమాలో వైద్యుడుగా నుండిన కెంప్‌ఫర్ వ్రాసిన గ్రంథములోని ఒక భాగమును అనువదించుచు 'సకోకు' అను మాటను కల్పించెను. దేశమునకు గొలుసు వేయుట అని దాని అర్థము. ఆ యుగమునకు నేడు చరిత్రకారులు వాడు పేరే అది! తలుపు వేసియున్నదను సంగతికి సైతము తలుపు సందున వచ్చిన పుస్తకమే పేరు పెట్టినది.

1771లో ఎదో నగరమున సుగిత గెంపకు, మయెనో ర్యోతకు మొదలగు వైద్యులు డచ్చి శరీరశాస్త్ర గ్రంథ మొకటి చేతబట్టుకొని, మరణశిక్ష పొందిన యొక స్త్రీ శవచ్ఛేదము చూడబోయిరి. పుస్తకములోని పటములు శరీరముతో సరిపోయినవి. తరతరములుగా చదువుకొనిన పాత వైద్య గ్రంథముల పటములు సరిపోలేదు. ఆ రోజు ఇంటికి మరలుచు దారిలోనే అనువదింప నిశ్చయించుకొనిరి. వారిలో ఆ భాష కొంచెమైన వచ్చినవాడు మయెనో ఒక్కడే. నిఘంటువు లేదు. ఒక్క పంక్తి అర్థము చేసికొనుటకు దీర్ఘమైన వసంతకాలపు పగలంతయు పట్టిన దినము కలదని సుగిత తన ముసలితనమున వ్రాసికొనెను. 1774లో ఆ గ్రంథము అచ్చుపడెను.

నిఘంటువు కొరత తీరిన కథ కూడ దెజిమాదే. నెపోలియను యుద్ధములలో హాలండు ఫ్రాన్సు వశమయ్యెను. జావాను ఇంగ్లీషువారు పట్టుకొనిరి. ఓడలు రాలేదు. దెజిమాలో అధికారిగానుండిన హెండ్రిక్ దూఫ్ చేత డబ్బు లేక, సరకు లేక ఉండి, దుబాసీలతో కూడి డచ్చి-జపాను నిఘంటువు పని పూనుకొనెను. ఆతడు 1817లో వెడలిపోయిన తరువాత దుబాసీలు దానిని కొనసాగించి 1833లో ముగించిరి. అచ్చు లేదు, చేతివ్రాత ప్రతులే. 1838లో ఓసాకాలో ఒగత కోఅన్ అను వైద్యుడు పాఠశాల పెట్టెను. ఆ పాఠశాలలో నిఘంటువు ప్రతి యున్న గదికి దూఫ్ గది యనియే పేరు. విద్యార్థు లందరికి ప్రతి యొక్కటే. వంతులు వేసికొని రాత్రింబవళ్లు సంప్రదించెడివారు. బీద విద్యార్థులు దాని పుటలను నకలు వ్రాసి అమ్ముకొని చదువు ఖర్చు వెళ్లదీసికొనిరి. ఫుకుజవ యుకిచి అను యువకుడు 1854లో నాగసాకికి వచ్చి డచ్చి భాష నేర్వ మొదలిడి, పిదప ఈ పాఠశాలలోనే చదివెను. 1859లో క్రొత్తగా తెరచిన యొకొహామా రేవులోని పరదేశీయుల వాడకు ఆతడు సంబరముగా పోయి చూడగా దుకాణముల పలకలు అర్థము కాలేదు; ఎవరును డచ్చి మాటాడలేదు. అంతయు ఇంగ్లీషు! కొన్ని యేండ్ల కష్టము వ్యర్థమైనదని కుంగియు, వెంటనే ఇంగ్లీషు మొదలుపెట్టెను. ఆ ఫుకుజవయే ఆధునిక జపాను విద్యకు మార్గదర్శకుడయ్యెను.

ఈ విద్యకు మూల్యము చెల్లించినవారును కలరు. 1823లో వైద్యుడుగా వచ్చిన ఫిలిప్ ఫ్రాంజ్ ఫన్ సీబోల్డ్ జర్మను. ఆతని డచ్చి ఉచ్చారణ వినిన దుబాసీలకు అనుమానము కలిగెను. తాను కొండప్రాంతపు డచ్చివాడనని ఆతడు చెప్పి తప్పించుకొనెనట. హాలండు దేశమున కొండలే లేవు! ఆతడు ఊరి వెలుపల పాఠశాల పెట్టి జపాను వైద్యులకు బోధించెను. తకి అను స్త్రీతో కాపురము చేసి ఇనె అను కుమార్తెను కనెను. 1828లో ఆతని యొద్ద దేశపటములు కలవని బయటపడెను. ఇచ్చినవాడు ప్రభుత్వ ఖగోళాధికారి తకహషి కగెయసు. అన్యదేశీయునకు దేశపటము నిచ్చుట మహానేరము. తకహషి 1829లో చెరసాలలో మరణించెను. ఇతరులును శిక్షలు పొందిరి. సీబోల్డ్‌ను దేశము వెడలగొట్టిరి. ఆతడు స్వదేశమునకు పోయి గ్రంథములు వ్రాసి కీర్తి గడించెను. పటములు ఆతనికి, చెర తకహషికి. సీబోల్డ్ విగ్రహము ముందర పువ్వు లుంచువారు ఆ రెండవ పేరును కూడ తలచవలెను. రెండేండ్ల బిడ్డగా తండ్రిని పోగొట్టుకొనిన ఇనె, ఆతని శిష్యుల యొద్దనే పాశ్చాత్య వైద్యము నేర్చి ప్రసిద్ధ వైద్యురాలయ్యెను. 1859లో సీబోల్డ్ మరల వచ్చినప్పుడు తండ్రి కూతుళ్లు కలిసికొనిరి.

ఇంకొక్క సంగతి చెప్పి దెజిమా దాటవచ్చును. మశూచి టీకా మందును తెప్పించుటకు పెక్కుమార్లు ప్రయత్నించిరి. బటావియా నుండి వచ్చులోపల వేడికి అది చెడిపోయెడిది. దుబాసీ వంశమునకు చెందిన నరబయషి సోకెన్ అను వైద్యుడు, రసికి బదులుగా ఎండిన పొక్కు తెప్పించిన బాగుండునని సూచించెను. 1849లో దెజిమా వైద్యుడు మోనికె అట్లే తెప్పించి పిల్లలకు వేయగా సోకెన్ కొడుకునకు టీకా పట్టినది. ఆ బిడ్డ చేతి నుండి మరియొక బిడ్డకు, అట్లు కొన్ని నెలలలోనే దేశమంతటను వ్యాపించినది. నాలుగెకరముల దిబ్బ నుండి బయలుదేరిన సరకులలో ఇంతకంటె విలువైనది లేదు.

మధ్యాహ్నమునకు యాత్రికుడు దెజిమా విడిచి దక్షిణముగా కొద్ది నిమిషములు నడచిన చీనావారి వాడ చేరును. ఇప్పుడచట ఎర్రని తోరణములు, ఫలహారశాలలు. వేడివేడి నూడుల్సు గిన్నె తిని ఇంకను కొంత పైకి పోయిన పాత చీనావాడ స్థలము కనిపించును. 1689 నుండి చీనా వర్తకులను సైతము గోడ కట్టి ఒకచోట నుంచిరి. వారి సంఖ్య డచ్చివారికంటె చాల ఎక్కువ. వారి ఆవరణ దెజిమాకంటె పెద్దది. చీనా ఓడలలో వచ్చిన పుస్తకములును ఎక్కువ. మిగిలియున్న నాలుగు చిన్న ఆలయములలో సముద్రదేవత కొకటి, భూదేవున కొకటి కలవు. యాత్రికులు ఇచటికి తక్కువగా వత్తురు. రాకపోవుట వారి నష్టము.

సాయంకాలము కొండవైపు నడక. దెజిమాకును కొండకును నడుమ దూరము మైలుకంటె ఎక్కువ లేదు గాని, కాలము మారును, న్యాయము తలక్రిందగును. 1858 నాటి ఒడంబడికల ప్రకారము 1859లో నాగసాకి, యొకొహామా, హకొదాతె రేవులు పరదేశీయులకు తెరచుకొనెను. ఓఊరా, హిగాషియమతె, మినామియమతె అను చోట్ల ఇంగ్లీషువారు, అమెరికనులు, ఫ్రెంచివారు, రష్యనులు స్థలములు తీసికొని యిండ్లు కట్టిరి. రాతి పలకలు పరచిన ఎక్కుడు వీధికి 'ఒరాందా జక', అనగా వలందావారి వాలు, అని పేరు. నిజమునకు అచ్చట నుండినవారిలో డచ్చివారు కొలదిమందియే. కాని రెండు వందల యేండ్లుగా తెల్లవాడనిన ఒరాందావాడే గదా! మనవారు తెల్లవారినందరిని పరంగులు అనినట్లే.

ఇక్కడి యిండ్లకు గోడలు లేవు, కావలి లేదు. చక్కని తోటలు, సముద్రపు గాలి. చిత్రపటమునకు దెజిమాకంటె ఇదియే అందము. కాని దెజిమాలో తాళపుచెవి ఇంటి యజమాని చేత నుండెను. కొండ మీద అతిథి చేత నుండెను. ఈ వాడలలోని పరదేశీయుడు నేరము చేసిన జపాను న్యాయస్థానము విచారింపరాదు. ఆతని దేశపు కాన్సలు విచారించును. దిగుమతుల మీద సుంకమును జపాను తన యిష్టము వచ్చినట్లు పెంచుకొనరాదు. ఈ ప్రత్యేక న్యాయాధికారము తొలగుటకు 1899 వరకు, సుంకముల స్వాతంత్ర్యము పూర్తిగా చేతికి వచ్చుటకు 1911 వరకు జపాను పాటుపడవలసి వచ్చెను. చీనా రేవులలో జరిగినదియు, మన దేశమున జరిగినదియు తెలిసిన జపాను పెద్దలు ఆ దారిని త్రొక్కకుండుటకే తొందరపడి చదువులు నేర్చిరి. అందములో పడి యాత్రికుడు ఈ మాట మరచునేని ఆతని దినము సగము వృథా.

కొండ మొగలో ఓఊరా దేవాలయము కలదు. ఫ్రెంచి మతబోధకులు పరదేశీయుల కొరకు కట్టించిరి. 1864 చివర పూర్తియై, మరుసటి యేడు ప్రతిష్ఠ జరిగెను. జపాను జనులకు క్రైస్తవము ఇంకను నిషిద్ధమే. 1865 మార్చి 17న ఉరకామి గ్రామమునుండి కొందరు రైతులు, స్త్రీలును పురుషులును, చూడవచ్చిన వారివలె వచ్చి, ఒక స్త్రీ మతాచార్యుడు పెతీజాన్ చెవిలో తమదియు ఆయనదియు ఒక్కటే హృదయమని తెలిపెను. ఆచార్యులు లేక, గ్రంథము లేక, రెండు వందల యేండ్లకు పైగా తల్లి బిడ్డకు చెప్పగా వారు తమ విశ్వాసమును దాచుకొనిరి. ఈ సంగతి బయటపడిన తరువాత వారికి సుఖము కలుగలేదు. మూడువేలమందికి పైగా దేశాంతరములకు పంపబడిరి. 1873లో గాని నిషేధపు పలకలు తీయలేదు. పరదేశీయుల వాడలో తెల్లవాడు నిర్భయముగా ప్రార్థించుకొనుచుండగా, అదే ప్రార్థన చేసినందుకు ఆ ఊరి రైతు సంకెళ్లు ధరించెను.

దేవాలయము ప్రక్కనుండి పైకెక్కిన గ్లోవరు తోట. థామస్ గ్లోవర్ స్కాట్లండు దేశస్థుడు; 1859లో 21 యేండ్ల వయసున వచ్చెను. తేయాకుతో మొదలిడి ఓడలు, తుపాకులు అమ్మెను. షోగనుకు ఎదురుతిరిగిన సత్సుమా, చోషూ సంస్థానములకు ఆయుధములు చేర్చెను. 1865లో సత్సుమా యువకులు రహస్యముగా ఇంగ్లండు పోవుటకు తోడ్పడెను. బొగ్గు గని త్రవ్వించెను. 1870లో దివాలా తీసెను గాని దేశము విడువలేదు. 1863లో కట్టిన ఆతని యిల్లు జపానులో మిగిలిన పాశ్చాత్య పద్ధతి కొయ్య యిండ్లలో మిక్కిలి ప్రాచీనము. చుట్టును వరండా! మన ఎండలకు తాళలేక తెల్లవారు ఈ దేశమున కట్టుకొనిన బంగళాల వరండాయే ఓడ లెక్కి, చలి గల నాగసాకి చేరినది. పైన కప్పు జపాను పెంకులు. కట్టినవాడు అమకుసా దీవికి చెందిన కొయమ అను పనివాడు. ఓఊరా దేవాలయమును కట్టినదియు ఆతడే. ఈ తోటలో ఒక సంగీత నాటకపు కథానాయికను తలచి నిట్టూర్చు యాత్రికులు పలువురు. ఆ కథకును ఈ యింటికిని సంబంధము లేదు.

ఈ యింటి నిజమైన కథ గ్లోవరు కుమారునిది. 1870లో జపాను తల్లికి పుట్టిన తొమిసబురో, తండ్రి పేరును జపాను అక్షరములకు సరిపరచి 'కురబ' అని పెట్టుకొనెను. అమెరికాలో చదివి వచ్చి, నాగసాకిలోనే వర్తకము చేసి, ఆవిరి ఓడలతో చేపలు పట్టు పద్ధతిని ఆ సముద్రమునకు తెచ్చెను. ఆతని భార్య వకయు ఆతనివలెనే రెండు రక్తముల బిడ్డ. ఊరిలో ఇద్దరికి గౌరవము కలదు. కాని ఆ యింటి వరండా నుండి ఎదురుగా మిత్సుబిషి ఓడల కార్ఖానా కనిపించును. 1938 నుండి అచ్చట ముసషి అను మహా యుద్ధనౌకను తెరలచాటున నిర్మించుచుండిరి. 1939లో తొమిసబురో తన యిల్లు ఆ కంపెనీకి అమ్మి క్రిందికి దిగెను. యుద్ధకాలమున రక్షకభటులు ఆతని మీద కన్ను వేసి యుంచిరి. 1943లో వక మరణించెను. 1945 ఆగస్టు 9న ఉరకామి మీద అణుబాంబు పడెను. రహస్యముగా బ్రదికి బయటపడిన ఆ రైతుల మనుమలు వేలకొలదిగా మడిసిరి. యుద్ధము ముగిసిన పది దినములు దాటిన తరువాత, ఆగస్టు 26న, తొమిసబురో తన ప్రాణము తానే తీసికొనెను. జపానువారికి ఆతడు ఇంగ్లీషువాడు. రానున్న విజేతలు ఆతనిని ఏమనుకొందురో ఆతనికి తెలియదు. దెజిమా గోడ పడిపోయి శతాబ్ది కావచ్చినను, ఆతని చుట్టు మరియొక గోడ లేచినది.

ఆతడు విడిచిపోయినది ఇల్లు కాదు. ఇరువది యేండ్లకు పైగా ఆతడు నాగసాకి చేపల బజారునకు వచ్చిన చేపలను ఎన్నుకొని, స్థానిక చిత్రకారులచేత పొలుసు పొలుసు లెక్కపెట్టి రంగులలో వ్రాయించెను. ఆ చిత్రములు సుమారు 800. ప్రతి చేపకును శాస్త్రీయ నామము గుర్తించెను. ఆ సంపుటములు ఇప్పుడు నాగసాకి విశ్వవిద్యాలయ గ్రంథాలయమున భద్రముగా నున్నవి. 1857లో దెజిమాకు వచ్చిన పొంపె అను డచ్చి వైద్యుని పాఠములతో మొదలైన వైద్యకళాశాల కూడ ఆ విశ్వవిద్యాలయములోనిదే. చేపల చిత్రముల ప్రతిబింబములను ఆ గ్రంథాలయమువారు ఇంటర్నెట్టులో ఉంచియున్నారు. నాగసాకి పోలేని చందాదారులు వానిని కంప్యూటరు మీద చూడవచ్చును.